మారోవిండ్‌లో మీ బాకు ఎందుకు తగల్లేదంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎల్డర్ స్క్రోల్స్ అనే వీడియో గేమ్ సిరీస్‌లో స్కైరిమ్ రెండు వందల గంటలు ఆడారు, బాగా నచ్చింది. పాతవాళ్లంతా అదే సిరీస్‌లో 2002లో వచ్చిన మారోవిండ్‌ని ఆకాశానికెత్తుతుంటే సరే చూద్దామని అదీ మొదలుపెట్టారు. మొదటి ఊరు దాటగానే ఒక పీత ఎదురైంది. ఇరవైసార్లు బాకు ఊపితే రెండుసార్లు తగిలింది. ఎటు వెళ్లాలో మ్యాప్ చూపించలేదు. రెండు గంటల్లో విసుగొచ్చి తీసేశారు. పాత ఎల్డర్ స్క్రోల్స్ గేమ్‌లు నిజంగా మంచివా, లేక మాలాంటి పాతవాళ్లది ఆ రోజుల మీద మమకారమా? మధ్యలో వచ్చిన ఆబ్లివియన్ సంగతేంటి? దేని తర్వాత ఏది ఆడాలి?

ముందు పీత సంగతి తేలుద్దాం, ఎందుకంటే అసలు జవాబు కూడా అందులోనే ఉంది.

మారోవిండ్‌లో మీరు ఆయుధం ఊపిన ప్రతిసారీ గేమ్ లోపల పాచిక వేస్తుంది. కత్తి పీత ఒంట్లోంచి దూసుకుపోయినట్టు కంటికి కనిపించినా, పాచిక ఒప్పుకోకపోతే దెబ్బ తగలనట్టే. లెక్క ఇలా ఉంటుంది: ఆ ఆయుధంలో మీ స్కిల్, దానికి మీ చురుకుదనంలో ఐదో వంతు, అదృష్టంలో పదో వంతు కలుపుతుంది. వచ్చినదాన్ని మీ అలసటను బట్టి పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఒంట్లో ఓపిక నిండుగా ఉంటే ఒకటింబావు రెట్లు, పూర్తిగా అయిపోతే ముప్పావు వంతు. ఎదుటివాడి తప్పించుకునే శక్తి అందులోంచి పోతుంది.

ఇప్పుడు మీరేం చేసి ఉంటారో చెప్తాను. మీరు ఎంచుకున్న క్లాస్‌లో, అంటే మీ క్యారెక్టర్ వృత్తిలో, పొడవు కత్తి ఉండి ఉంటుంది. కానీ మొదటి ఊరు సేదా నీన్‌లో ఆ పన్నుల ఆఫీసు గదిలో బల్ల మీద ఒక ఇనుప బాకు ఉంటుంది కదా, అందరిలాగే మీరూ అదే తీసుకున్నారు. బాకు వేరు, పొడవు కత్తి వేరు. మీ క్లాస్‌లో లేని స్కిల్ మామూలుగా 5 దగ్గర మొదలవుతుంది. చురుకుదనం 40, అదృష్టం 40 అనుకుంటే మొత్తం 17. పైగా స్కైరిమ్ అలవాటు కొద్దీ ఊరి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి ఉంటారు, పరుగుకి ఓపిక అయిపోతుంది. 17లో ముప్పావు వంతు అంటే సుమారు 13. నూటికి పదమూడు దెబ్బలు, పీత తప్పించుకునే శక్తి తీసేస్తే ఇంకా తక్కువ. మీ ఇరవైలో రెండు తగలడం లెక్కకి సరిపోయింది.

అదే క్యారెక్టర్ చేతిలో పొడవు కత్తి పెట్టి, ఆ స్కిల్ 40 ఉందనుకుని, నడుచుకుంటూ వెళ్లి కొట్టి ఉంటే 65. పీత తప్పించుకునేవి పోను సగం పైనే దెబ్బలు తగులుతాయి. అదే గేమ్, అదే పీత.

దీన్ని చెత్త డిజైన్ అంటే నేను పెద్దగా వాదించను. కనీసం 'తప్పింది' అని ఒక ముక్క తెర మీద రాసి ఉంటే సగం మంది పారిపోయేవాళ్లు కాదు. కానీ దాని వెనకున్న స్వభావం చూడండి. మీరు ఏమీ నేర్చుకోని పనిని చేయబోయారు, గేమ్ కుదరదు అంది. మారోవిండ్ ఆ మాట అడుగడుగునా అంటుంది. స్కైరిమ్ దాదాపు ఎప్పుడూ అనదు. 2002 నుంచి 2011 దాకా ఈ సిరీస్‌లో జరిగిన మార్పుల్లో ముఖ్యమైనవన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయని నా అభిప్రాయం. చాలామంది 'లోతు తగ్గింది, పిల్లలాట అయింది' అంటారు. స్కిల్స్ 27 నుంచి ఆబ్లివియన్‌లో 21, స్కైరిమ్‌లో 18 అయ్యాయని లెక్కలు చూపిస్తారు. ఆ లెక్క నాకు అంత ముఖ్యం కాదు. మారోవిండ్ 27లో ఈటె ఉంది నిజమే, కానీ ఈటెతో ఆట చివరిదాకా ఆడినవాళ్లు ఎంతమంది?

స్కిల్స్ లెక్క కన్నా ఒక్క వస్తువు పట్టుకుని మూడు గేమ్‌లూ చూస్తే తేడా బాగా తెలుస్తుంది. గాజు కవచం తీసుకుందాం, ఆ ఆకుపచ్చదే. మూడింట్లోనూ ఉంది.

మారోవిండ్‌లో అది సామాన్యుడి ఒంటి మీద కనిపించే వస్తువు కాదు. వివెక్ దేవుడి సొంత యోధులైన బాయంట్ ఆర్మిజర్లు వేసుకుంటారు. ద్వీపం నడిమధ్య ఎర్రకొండ, దాని చుట్టూ మంత్రాల కంచె, ఆ కంచెకి ఒకే ద్వారం, ఘోస్ట్‌గేట్. అక్కడి బురుజులో ఆ కవచం భాగాలు కొన్ని ఊరికే పడి ఉంటాయి. మీరు మొదటి లెవెల్లో ఉన్నా, దారి తెలిసి, చేతివాటం ఉంటే వెళ్లి ఎత్తుకురావచ్చు. ప్రపంచం మీ లెవెల్ చూసి పెద్దగా సర్దుకోదు. కవచం అక్కడుంది అంటే అక్కడుంది. మీరు అక్కడిదాకా వెళ్లగలరా లేదా అన్నది మీ గొడవ.

2006లో ఆబ్లివియన్ వచ్చింది. ఎక్కడికి ముందు వెళ్లినా ఆట చెడకూడదని శత్రువుల్నీ వాళ్ల సామాన్లనీ మీ లెవెల్‌తో పాటు పెంచుకుంటూ పోయారు. ఉద్దేశం మంచిదే. ఫలితం ఏమైందంటే, మీకు ఇరవై పైన లెవెల్ వచ్చేసరికి అడవిలో దారి కాసి వంద నాణేలు ఇస్తావా చస్తావా అనే దొంగ ఒంటి మీద గాజు కవచం ఉంటుంది. వాడి చొక్కా అమ్ముకుంటే వేలొస్తాయి, వాడు నా దగ్గర వంద అడుగుతున్నాడు! మొదటిసారి నవ్వొచ్చింది. పదోసారికి ఇక ఏ గుహలో ఏం దొరుకుతుందన్న ఆశే పోయింది. అందరి దగ్గరా అదే ఉన్నప్పుడు వెతకడం దేనికి?

స్కైరిమ్‌లో దీన్ని చాలావరకు సరిదిద్దారు. ఒక్కో ప్రాంతానికి కనిష్ఠ, గరిష్ఠ లెవెల్ పెట్టారు, మీరు తొలిసారి అడుగుపెట్టినప్పటి లెవెల్‌ని బట్టి అది స్థిరపడుతుంది. దొంగలు మళ్లీ తోళ్లూ ఇనుమూ వేసుకున్నారు. మరి గాజు కవచం? కమ్మరం 70కి పెంచి, లెవెల్ పెరిగినప్పుడు ఇచ్చే పెర్క్ అనే వరం ఒకటి తీసుకుని, మాలకైట్ అనే ఖనిజం కరిగించి మీరే చేసుకుంటారు. ఇది నాకు నచ్చింది, అబద్ధమెందుకు. కానీ గమనించారా, అది ఇప్పుడు ప్రపంచంలో ఒక చోట ఉన్న వస్తువు కాదు, మీ స్కిల్ చార్టులో ఒక మెట్టు. దానికోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, కొలిమి దగ్గర నిలబడితే చాలు.

దారుల విషయంలోనూ ఇదే కథ, కాకపోతే దీనికి కారణం చాలామంది అనుకునేది కాదు.

మారోవిండ్‌లో తొలి పెద్ద పనుల్లో ఒకటి ఆర్కంగ్‌థాండ్ అనే, మాయమైపోయిన డ్వెమర్ జాతి శిథిలంలోంచి ఒక చిన్న పెట్టె తీసుకురావడం. బాల్మోరాలో మీకు పని అప్పగించేవాడు మాటల్లో దారి చెప్తాడు: ఊరి దక్షిణం నుంచి బయటపడి, మూన్‌మాత్ కోట దగ్గర తిరిగి, లావా పారిన లోయ మీద పాత డ్వెమర్ వంతెన దాటి వెళ్లు, అని. తలుపు దగ్గరికి వెళ్తే అది తెరుచుకోదు. పక్కనే ఒక గొట్టానికి తిప్పుడు పిడి ఉంటుంది, దాన్ని తిప్పాలి. లోపల పెట్టె ఎంత చిన్నదంటే, అల్మరా అర మీద ఉన్నదాన్ని నేను రెండు సాయంత్రాలు చూడకుండా తిరిగాను. మూడో రోజు కనిపించినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంతటి ఆనందం స్కైరిమ్‌లో డ్రాగన్‌ని చంపినప్పుడు కూడా రాలేదు.

మరి ఆబ్లివియన్, స్కైరిమ్‌లలో దిక్సూచి మీద దారి చూపే మార్కర్ ఎందుకు పెట్టారు? ఆటగాళ్లు బద్ధకస్తులనా? కాదు, అసలు కారణం గొంతులని నా అంచనా. మారోవిండ్‌లో పలకరింపులు, చిన్నచిన్న మాటలు తప్ప మిగతాదంతా రాత. రాత చవక, ఒక పాత్ర చేత పేజీన్నర దారి చెప్పించవచ్చు. ఆబ్లివియన్ నుంచి ప్రతి మాటా రికార్డు చేసి వినిపించాలి. పాట్రిక్ స్టీవర్ట్, షాన్ బీన్ లాంటి పేరున్న నటుల్ని తెచ్చారు, మిగతా ఊళ్లో జనమంతా కొద్దిమంది గొంతులే పంచుకున్నారు. ప్రతి వాక్యానికీ ఖర్చుంటే మొదట ఎగిరిపోయేది 'ఎడమవైపు తిరిగి వాగు వెంట వెళ్లు' లాంటి మాటలే. మాటల్లో దారి లేదు కాబట్టి తెర మీద బాణం గుర్తు వచ్చింది. అందుకే స్కైరిమ్‌లో మార్కర్ ఆపేసి పాతకాలపు పద్ధతిలో ఆడదామనుకుంటే కుదరదు. ఫలానా గుహకి వెళ్లమని చెప్పేవాడు అది ఎక్కడుందో చాలాసార్లు చెప్పడు. నేను ప్రయత్నించి చూశాను, రెండో పనికే చేతులెత్తేశాను. దిశలు రాసి పెట్టే మోడ్‌లు, అంటే ఆటగాళ్లు చేసిన మార్పులు, ఉన్నాయి, అవి లేకుండా మాత్రం వద్దు.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. మారోవిండ్‌లో సిల్ట్ స్ట్రైడర్ అనే ఏనుగుని మించిన పురుగు మీద, పడవల మీద, మేజెస్ గిల్డ్ అనే సంఘం మాంత్రికుల ద్వారా, ఇంకా ఒక చోటు గుర్తు పెట్టుకుని మళ్లీ అక్కడికే తెచ్చే మార్క్, రీకాల్ మంత్రాలతో తిరుగుతారు. ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కినట్టు ఉంటుంది. కొన్నాళ్లకి ఆ దారులన్నీ నోటికొస్తాయి. ఆబ్లివియన్ మొదటి నిమిషం నుంచే పెద్ద ఊళ్లన్నిటికీ మ్యాప్ మీద నొక్కి వెళ్లిపోనిస్తుంది. దానివల్ల ఆ గేమ్ జరిగే సిరడీల్ ప్రాంతం ఎంత పెద్దదో నాకు ఈరోజుకీ ఒంటికి తెలియదు. నిజానికి మూడింట్లోనూ మారోవిండ్ నేలే చిన్నది. పొగమంచు కమ్మేసి, నడక నెమ్మది చేసి, కొండలు అడ్డుపెట్టి పెద్దదనిపించారు.

గాల్లో తేలే మంత్రం పోవడం మాత్రం నాకు ఇప్పటికీ బాధే. మారోవిండ్‌లో టెల్వాని వంశం మాంత్రికులు పుట్టగొడుగు గోపురాల్లో ఉంటారు. పైగదికి మెట్లుండవు, నిట్టనిలువు గొట్టం ఉంటుంది. ఎగరడం చేతకానివాడితో మాకు పనేంటి అన్నమాట! ఆబ్లివియన్‌లో ఊళ్లని గోడల లోపల విడి విడి ముక్కలుగా లోడ్ చేశారు. గోడ మీంచి ఎగిరితే అవతల బొమ్మలాంటి ఊరే కనిపిస్తుంది, అందుకని మంత్రాన్నే తీసేశారు. మారోవిండ్‌కి తర్వాత అదనంగా వచ్చిన ట్రిబ్యునల్‌లోని మోర్న్‌హోల్డ్ నగరంలో కూడా ఎగరనివ్వరు, అంటే ఈ జబ్బు అప్పుడే మొదలైంది.

గిల్డుల విషయం మీరు స్కైరిమ్‌లో చూసే ఉంటారు. వింటర్‌హోల్డ్ మంత్రవిద్యాలయం వంతెన దగ్గర ఒక్క మంత్రం వేసి చూపిస్తే లోపలికి రానిస్తారు, ఆ తర్వాత కత్తితోనే నెట్టుకొచ్చి దాని అధిపతి ఆర్చ్‌మేజ్ అయిపోవచ్చు. మారోవిండ్‌లో ప్రతి హోదాకీ ఇన్ని స్కిల్స్ ఇంత ఉండాలని ఉంటుంది, లేకపోతే పొమ్మంటారు. మూడు పెద్ద వంశాలు, హ్లాలు, రెడోరాన్, టెల్వాని, వీటిలో ఒకదాంట్లో చేరితే మిగతా రెండూ మూసుకుపోతాయి. బాల్మోరా ఫైటర్స్ గిల్డ్ మిమ్మల్ని దొంగల గిల్డ్ మనిషి దగ్గర్నుంచి కోడ్‌బుక్ లాక్కురమ్మంటుంది. మీరు దొంగల గిల్డ్‌లో కూడా చేరాలనుకుంటున్నారా? అయితే ముందే ఆలోచించుకోవాలి. కథకి కావలసిన మనిషిని చంపేసినా గేమ్ ఆపదు. ఈ మరణంతో జోస్యం దారం తెగిపోయింది, పాత సేవ్ తెరుస్తావో ఇదే పాడైన లోకంలో ఉంటావో నీ ఇష్టం, అన్నట్టు ఒక కబురు చూపించి వదిలేస్తుంది. ఆబ్లివియన్ నుంచి అలాంటి ముఖ్యులు చావరు, స్పృహ తప్పి పడి కాసేపటికి లేస్తారు.

ఇంతదాకా చదివితే నేను మారోవిండ్ భక్తుణ్ణని అనుకుంటారు. కొంత నిజమే. కానీ దాని లోపాలు చిన్నవి కావు. మనుషులు రాత్రీ పగలూ ఒకే చోట నిలబడి ఉంటారు, నిద్రపోరు, తినరు. ఒక విషయం గురించి పదిమందిని అడిగితే పదిమందీ అచ్చంగా ఒకే పేరా అప్పజెప్తారు. డైరీలో పనులన్నీ తేదీల వరసలో కలగాపులగంగా ఉండేవి, పనుల వారీగా చూసే వీలు ట్రిబ్యునల్‌తో గానీ రాలేదు. క్లిఫ్ రేసర్ అనే ఎగిరే జంతువుల గురించి నేను మర్యాదగా రాయలేను.

ఆబ్లివియన్‌ని నేను చాలాకాలం తక్కువ చేసి మాట్లాడాను, అది నా తప్పు. ప్రపంచంగా అది మూడింట్లో బలహీనమే. కానీ విడి విడి క్వెస్ట్‌లు అంత బాగా రాసింది ఈ సిరీస్‌లో ఇంకెక్కడా లేదు. స్కిన్‌గ్రాడ్‌లో గ్లార్తిర్ అని ఒకడు, ఇరుగుపొరుగు తనని కనిపెడుతున్నారని వణికిపోతుంటాడు. వాళ్ల వెంటపడి చూసి చెప్పమంటాడు. మీరు నిజం చెప్పొచ్చు, అబద్ధమూ చెప్పొచ్చు. ఆ అబద్ధంతో ఏమవుతుందో నేను చెప్పను. చేడిన్‌హాల్‌లో చిత్రకారుడు తన బొమ్మలోనే ఇరుక్కుపోతాడు, మీరు రంగులద్దిన అడవిలోకి దిగి వెతకాలి. అన్నిటినీ మించింది డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల ముఠా పంపే ఆ విందు. ఐదుగురు అతిథులు, తాళం వేసిన భవనం, లోపల ఎక్కడో నిధి ఉందని వాళ్ల నమ్మకం. నిధి లేదు, హంతకుడు మాత్రం ఉన్నాడు, అది మీరే. ఒక్కొక్కరూ పోతుంటే మిగిలినవాళ్లు మీ దగ్గరికే వచ్చి భయాలు చెప్పుకుంటారు. ఒకరి మీద ఒకరికి అనుమానం పెట్టి వాళ్ల చేతే చంపించవచ్చు కూడా. స్కైరిమ్ డార్క్ బ్రదర్‌హుడ్‌లో ఆ పెళ్లికూతురి హత్య బాగుంటుంది, కానీ ఈ విందుకి సాటి రాదు.

స్కైరిమ్ ఎక్కడ గెలుస్తుందంటే నేల మీద. కనిపించిన ప్రతి కొండ మలుపులోనూ ఎవరో చేత్తో పెట్టిన ఏదో ఒకటి ఉంటుంది. గుహల నడక, చివర్లో మొదటి గదికే తిప్పి తెచ్చే దారులు, ఆల్ఫ్‌టాండ్ శిథిలం అడుగున తెరుచుకునే బ్లాక్‌రీచ్ అనే భారీ భూగర్భ లోకం, ఇవి పాతవాటిలో లేవు. ఆబ్లివియన్ గుహలు ఒకటి చూస్తే పది చూసినట్టే.

ఒక ఉదాహరణ చెప్తాను, చూడకపోతే వెళ్లి చూడండి. ఉత్తరాన ఫ్రాస్ట్‌ఫ్లో లైట్‌హౌస్. లోపల ఒక కుటుంబం చనిపోయి ఉంటుంది. వాళ్ల డైరీలు చదువుతూ నేలమాళిగలోంచి కిందికి దిగుతారు, ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది. తండ్రి అవశేషాలు అడుగున చౌరస్ అనే ఒక పెద్ద పురుగు కడుపులో దొరుకుతాయి. చచ్చాక తన బూడిద ఆ దీపం దగ్గరే ఉండాలని ఆయన కోరుకున్నాడని డైరీల్లో ఉంటుంది. మీరు పైకెక్కి ఆ మంటలో వాటిని వేస్తే ఒక చిన్న వరం దొరుకుతుంది. ఇదంతా మీ క్వెస్ట్‌ల జాబితాలో రాదు. మార్కర్ లేదు, చేయమని అడిగినవాళ్లు లేరు. స్కైరిమ్‌లో నాకు గుర్తుండిపోయిన చోట్లన్నీ ఇలా దిక్సూచి నోరు మూసుకున్న చోట్లే.

ఇక మీరు ఏం చేయాలి. మారోవిండ్‌ని మళ్లీ పెట్టండి, కొత్త క్యారెక్టర్‌తో. ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ అనే ఉచిత ఇంజిన్ మీద అయితే ఇప్పటి కంప్యూటర్లలో ఇబ్బంది ఉండదు, కాకపోతే అసలు గేమ్ మీ దగ్గర ఉండాలి. రెడ్‌గార్డ్ జాతిని తీసుకోండి, పొడవు కత్తిని మేజర్ (ముఖ్య) స్కిల్‌గా పెట్టండి, బాకు అక్కడే వదిలేసి ఊళ్లో కత్తి కొనండి. గొడవ రాబోతుందనిపిస్తే పరుగు ఆపి నడవండి. సిల్ట్ స్ట్రైడర్ ఎక్కి బాల్మోరా వెళ్లండి, ప్రధాన కథని మొదలుపెట్టించే కైయస్ కొసేడ్స్‌ని వెతికి పట్టుకోండి. ఆయన మిమ్మల్ని చూసి ఇంకా పచ్చిగా ఉన్నావు, ముందు ఎక్కడైనా పనిలో చేరి అనుభవం తెచ్చుకో అంటాడు. ఆ మాట వినండి, ఏదో ఒక గిల్డ్‌లో పది పనులు చేయండి. ఆర్కంగ్‌థాండ్ పెట్టె దొరికేదాకా ఆడి చూడండి. అప్పటికీ నచ్చకపోతే అది మీకు పడదు, అందులో తప్పేం లేదు.

ఆబ్లివియన్‌ని దాని తర్వాత ఆడండి, 2025లో వచ్చిన రీమాస్టర్ అయినా సరే. పాత గేమ్‌లో లెవెల్ పెరిగినప్పుడు పాయింట్ల కోసం చేసే పిచ్చి లెక్కలు అందులో తీసేశారు. శత్రువులు మీతో పాటు పెరగడం మాత్రం అందులోనూ ఉంది, అందుకని క్వాచ్ పట్టణం పనిని మొదట్లోనే, లెవెల్ తక్కువగా ఉన్నప్పుడే ముగించేయండి. తర్వాత ఆబ్లివియన్ అనే రాక్షస లోకంలోకి తెరుచుకునే ఆ ఎర్ర ద్వారాలు మూస్తూ తిరగొద్దు, రెండు మూడు చూస్తే చాలు. నేరుగా దొంగల గిల్డ్‌కీ డార్క్ బ్రదర్‌హుడ్‌కీ వెళ్లండి.

ఇంకొకటి. సేదా నీన్ నుంచి బాల్మోరాకి నడిచి వెళ్లే పనైతే, దారిలో ఆకాశంలోంచి కేక వేస్తూ ఒక మనిషి వచ్చి మీ ముందు పడి చస్తాడు. కంగారుపడకండి, అది బగ్ కాదు. వాడి దగ్గర మూడు మంత్రపత్రాలుంటాయి, ఒక్కోటీ ఏడు సెకన్లపాటు గెంతే శక్తిని వెయ్యి పాయింట్లు పెంచుతుంది. ముందు సేవ్ చేసుకోండి. ఒకటి చదివి గెంతండి, సగం ద్వీపం మీ కాళ్ల కింద నుంచి పోతుంది. నేల దగ్గరికి వస్తుండగా రెండోది చదవండి. వాడు మర్చిపోయింది అదే.